నాలుగు పాళ్ళ నీళ్ళు

జుబైల్‌లో ఆగస్టు రాత్రి, రెండు గంటలప్పుడు కూడా
గాలి తడిగుడ్డలా మొహానికి అంటుకుంటుంది.
ల్యాబ్ లోపల మాత్రం పద్దెనిమిది డిగ్రీలు.
నేను ఫ్లాస్కులు కడుగుతాను.
పంతొమ్మిదేళ్ళుగా కడుగుతున్నాను.
లోపల ఏముండేదో అడక్కుండా కడగడం
ఈ కొలువుకు మొదటి అర్హత.

ఆ రాత్రి అడిగేశాను.
రెండు తాళాల బీరువాలోంచి
పాంతెలిస్ తీసిన సీసా మీద
అతని చేతిరాత: అజియోట్రోప్.
"ఎవరిదీ పేరు?" అన్నాను
సగం హిందీలో, పావు ఇంగ్లీషులో, మిగతాది చేతులతో.
"మా ఇంటిదే, దస్తా" అన్నాడు సైప్రస్ మనిషి.
"సైన్సు వాళ్ళు చేబదులు పట్టుకెళ్ళి
తిరిగివ్వలేదు."

టిష్యూ కాగితం మీద మాటను మూడు ముక్కలు చేశాడు.
అ అంటే కాదు.
జియో అంటే మరగడం.
ట్రోపోస్ అంటే మలుపు, మార్పు, తీరు.
మరిగినా తీరు మారనిది.

నేను అ దగ్గరే ఆగిపోయాను.
మాకూ ఉంది ఆ అ.
అన్యాయంలో, అకాలవర్షంలో, అజీర్తిలో కూడా
ముందు నిలబడి అడ్డం తలూపుతుంది.
రాయచోటి బడిలో పలక మీద
అరిగేదాకా దిద్దిన మొదటి అక్షరం
ఒక నిరాకరణ అని
అయ్యవారు చెప్పలేదు.

"బస్సు దిగ్గానే రోజూ నేనేమంటాను?"
"తి జెస్తీ."
"ఎంత వేడి అని. అదీ ఈ జియో సంతానమే."
వేల ఏళ్ళ కిందటి మాట
చెమట తుడుచుకోవడానికి ఇంకా పనికొస్తోంది.

సీసాలో ఉన్నది స్పిరిట్.
నూటికి తొంభై ఆరు పాళ్ళు అది,
నాలుగు పాళ్ళు నీళ్ళు.
ఎంత కాచు, ఎన్నిసార్లు ఆవిరి చేసి చల్లార్చు,
ఆ నాలుగు పాళ్ళూ కదలవు.
కలిసే మరుగుతాయి,
గొట్టం చివర కలిసే బొట్టు కడతాయి.

నా దగ్గరున్న మాటను నేనూ తీసి చూసుకున్నాను.
పొయ్యి మీద ఎసరు మరుగుతుంది.
తలుపు మరుగున మనిషి నిలబడతాడు.
రుచి మరిగిన పిల్లి ఆ గడపకే వస్తుంది.
మూడింటికీ వేరు ఒకటేనో కాదో
చదువుకున్నవాళ్ళు చెప్పాలి.
నాకు తెలిసిందల్లా,
మరిగీ మరిగీ ఈ చోటును మరిగినవాడిలో
ఏదో మరుగున ఉండిపోతుందని.
జీతం హిందీలో లెక్కపెడతాను.
ముదీర్‌తో అరబీలో వాదిస్తాను.
కల ఏ భాషలో వస్తుందో గమనించడం మానేశాను.
పోయిన వారం బీకరు పగిలి బొటనవేలు తెగితే
"సచ్చినాన్రా నాయనా" అని
నాలుగు పాళ్ళూ ఒక్కసారే బయటికొచ్చాయి.

ఇదంతా పాంతెలిస్‌కి చెప్పబోయాను.
చేతులతో అయ్యే పని కాదు.
"మరి ఎప్పటికీ విడదీయలేరా?" అని మాత్రం అడిగాను.

సొరుగు లాగాడు.
సగ్గుబియ్యం లాంటి గింజలు, మట్టి రంగువి.
"జియోలైట్. లిథోస్ అంటే రాయి. మరిగే రాయి."
మళ్ళీ అదే జియో!
ఒక్క కడుపున పుట్టి
ఒకటి విడిపోనంటుంది,
రెండోది విడదీసి చూపిస్తుంది.
ఏ ఇంట్లో లేదు ఈ తగువు?

గ్లవ్స్ తీయమన్నాడు.
ఏళ్ళ తరబడి ఆరడం మర్చిపోయిన నా అరచేతిలో
ఆరు గింజలు పోశాడు.
చూస్తుండగానే వెచ్చబడ్డాయి,
కోడి కింద నుంచి అప్పుడే తీసిన గుడ్డులా.
"నీ నీళ్ళు తాగుతున్నాయి" అన్నాడు.

తిరిగి పోస్తే ఐదే తేలాయి.
ఇద్దరం సింకు కింద, బల్ల కింద
మోకాళ్ళ మీద పాకి వెతికాం.

తెల్లారి క్యాంపు బస్సులో
మడిచిన చొక్కా చేతిలోంచి జారి ఒళ్ళో పడింది.
తాగినంత తాగి చల్లారిపోయి ఉంది.
కిటికీ అవతల ఇసుక, పొగగొట్టాలు.
పారేద్దామని అద్దం జరిపి
మళ్ళీ మూశాను.
ఎంతో కొంత
నా నీరు అందులో ఉంది.